నడూరిలో జాగా

ఈ రాష్ట్రంలో మాకు ఇల్లు ఇస్తామనని ప్రభుత్వం లేదు. మాకు ఊరు ఇచ్చిన ప్రభుత్వమూ లేదు.

ఈ రెండు మాటలకు మధ్య తేడా ఏముందని అడిగేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. గేరిలో పుట్టినవాళ్లు అడగరు. వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేం లేదు.

మాది హాలహర్వి మండలంలో ఒక పల్లె. ఆదోని డివిజన్‌కు పడమటి అంచు. ఇంకొంచెం పోతే కర్ణాటక, బళ్లారి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టేదాకా ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్లారి జిల్లాలోనే ఉండె. అందుకే మా నోట్లో తెలుగూ కన్నడమూ కలిసిపోయి ఉంటాయి. వాడను మేము గేరి అంటాము. బోయ గేరి, కురువ గేరి, మాదిగ గేరి. మేం కదలకుండానే రాష్ట్రం మారింది, జిల్లా మారింది, కచేరీలో రాసే భాష మారింది. మాదిగ గేరి మాత్రం యాడుండేదో ఆడనే ఉండాది. పల్లె పేరు చెప్పను. చెప్తే ఆ పల్లె ఒక్కటే చెడ్డదని చుట్టుపక్కల పల్లెలన్నీ తప్పించుకుంటాయి.

మా అవ్వ కాపురం చేసిన గుడిసె గేరిలో ఉండె. గేరికీ ఊరికీ మధ్య ఒక పెంటదిబ్బ, ఒక వంక. మా నాయనకు పెండ్లయినాక సర్కారు కాలనీ ఇచ్చింది. యాడ ఇచ్చింది? గేరి దాటి అవతల. మా తమ్మునికి ఈ మధ్య పట్టా వచ్చింది. యాడ వచ్చింది? కాలనీ కూడా దాటి, శ్మశానం పక్కన. మూడు తరాలలో బోదకప్పు పోయి రేకు వచ్చింది, రేకు పోయి స్లాబు వచ్చింది. నిజమే, కాదనను. కాని స్లాబు వచ్చిన కొద్దీ మేము ఊరికి దూరం జరిగినాము. మా అవ్వ రచ్చకట్ట దగ్గర మాట్లాడేది గేరిలో నుంచే వినేది. మా తమ్మునికి ఊళ్లో టముకు వేసినా వినపడదు. దీనికి అభివృద్ధి అని పేరు.

ఇంకోపక్క నడూరు ఖాళీ అవుతోంది. కరణమోళ్ల మిద్దె, శెట్టోళ్ల అంగడి, రెడ్డోళ్ల పాత గాడిపాడు, అన్నీ పాడు గోడలే. కొడుకులు ఆదోనికి పోయినారు, బళ్లారికి పోయినారు, బెంగుళూరుకు పోయినారు, కొందరు అమెరికాకే పోయినారు. దూలాలు, దంతెలు పీకి అమ్ముకున్నారు. చవుడు మిద్దె వానకు నాని కూలింది. గోడల నడుమ కంపచెట్లు మొలిచినాయి. మా ఒక్క పల్లె నడూరిలో ఇట్లాంటి పాడు జాగాలు లెక్కపెడితే రెండు చేతుల వేళ్లు చాలవు. ఒక్కో జాగా ఐదారు సెంట్లు ఉంటుంది. ముందర సిమెంటు రోడ్డు, ఎదురుగా కరెంటు స్తంభం, సందు చివర కొళాయి, కూతవేటు దూరంలో బడి. పక్కనే గేరిలో ఒక్కో మిద్దె కింద ముగ్గురన్నదమ్ముల సంసారాలు చీర అడ్డం కట్టుకొని బతుకుతున్నాయి. ఖాళీగా ఉన్న చోట మనుషుల్లేరు. మనుషులున్న చోట ఖాళీ లేదు. చిన్నపిల్లోన్ని అడిగినా దీనికి జవాబు చెప్తాడు. కలెక్టరు కచేరీకే తోచలేదు.

సర్కారు ఇవ్వకపోతే మేమే కొంటామనుకున్నాము. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. డీఎస్సీలో టీచరు ఉద్యోగం వచ్చింది, బ్యాంకు లోను ఇస్తుంది. నడూరిలో ఒక పాడు జాగా ఆసామి బెంగుళూరులో ఉన్నాడు. ఫోను చేస్తే సంతోషంగా అమ్ముతానన్నాడు. రేటు కుదిరింది. రిజిస్ట్రేషనుకు రోజు అనుకున్నాము. రెండు రోజులకు ఆయనే ఫోను చేసినాడు. "అమ్మా, నాకేం పట్టింపు లేదు. ఊళ్లో వాళ్లు ఒప్పుకోవడం లేదు." ఊళ్లో వాళ్లను అడిగితే, "మాకేముందమ్మా, ఆయనే అమ్మనంటున్నాడంట" అన్నారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడినారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. ఆ మాట ఇతనిది కాదంట, అతనిది కాదంట. ఎవరిదీ కాని మాటకు మా రిజిస్ట్రేషను ఆపేంత బలం యాడ నుంచి వచ్చింది?

మా నాయనను మాత్రం రచ్చకట్ట కాడ ఒకతను నేరుగానే అడిగినాడంట. "ఏమిరా, మీకు కాలనీ ఇచ్చినారు గదా, చాలదా? గుడి ముందరే కావాల్నా?" మా నాయనకు డెబ్బై దాటినాయి. అడిగినోనికి నలభై లేవు. ఆ జాగాలో ఇప్పుడు గాడిదలు పడుకుంటున్నాయి. గాడిదలను ఎవరూ ఏమీ అడగరు. గుడి ముందర గాడిద ఉండొచ్చు.

పల్లె అంటే అంతేలే, పట్నం పోతే కులం ఎవరు అడుగుతారు అంటారు చదువుకున్నోళ్లు. పట్నం గురించి కూడా చెప్తాను. ఆదోని చిన్న ఊరు కాదు. కోట ఉన్న ఊరు. విజయనగర రాజుల కాలం నుంచి పేరున్న ఊరు. సిద్ది మసూద్ ఖాన్ పదిహేడో శతాబ్దంలో కట్టించిన జామియా మసీదు ఉన్న ఊరు. టిప్పు సుల్తాన్ ముట్టడించిన ఊరు. పత్తి వ్యాపారంలో ఒకప్పుడు రెండో ముంబై అని చెప్పుకున్న ఊరు. ఆ పత్తి ఏరింది ఎవరు, బోరాలు మోసింది ఎవరు, జిన్నింగుల్లో దుమ్ము మింగింది ఎవరు అని చరిత్రలో రాయలేదు గాని, ఊరు మాత్రం పాతది, గొప్పది.

ఆ గొప్ప ఊళ్లో బాడుగ ఇంటి కోసం నేను తిరిగినాను. ముందు "రండి మేడం, కూర్చోండి మేడం" అంటారు. ఏ బడి అడుగుతారు. మా ఆయన ఏం చేస్తాడో అడుగుతారు. సొంతూరు అడుగుతారు. ఊళ్లో ఏ వీధి అని అడుగుతారు. ఆ తర్వాత ఇంటామె నీళ్ల చెంబు తెస్తూ తెస్తూ, "మీరు ఏమిటోళ్లు మేడం?" అంటుంది. నేను దాచను. నా పిల్లలకు బళ్లో నిజం చెప్పమని నేర్పేదాన్ని నేను, ఇంటి కోసం అబద్ధం చెప్పను. చెప్పినాక ఆ ఇంట్లో అకస్మాత్తుగా ఇబ్బందులు పుట్టుకొస్తాయి. అత్తగారికి ఒంట్లో బాగుండదు. కొడుకు హైదరాబాదు నుంచి వచ్చేస్తున్నాడు. వాస్తుకని పైగది మూసేస్తున్నారు. "మీరు నీసు వండుకుంటారు గదా, మావాళ్లకు వాసన పడదు" అని ఒకామె చెప్పింది. అదే ఇంట్లో అంతకు ముందున్నోళ్లు ఆదివారం ఆదివారం కోడి కోసినారని పక్కింటామె చెప్పింది. వాసన కోడిది కాదు.

ఆ ఊళ్లోనే మహాయోగి లక్ష్మమ్మ అవ్వ గుడి ఉండాది. మూసానహళ్లిలో దళితుల ఇంట్లో పుట్టిన ఆడమనిషి. బతికున్నప్పుడు పిచ్చిదని రాళ్లు రువ్వినారని పెద్దలు చెప్పుకుంటారు. ఇప్పుడు ఆమెకు గుడి కట్టి, రథం లాగి, అన్ని కులాలోళ్లూ కొబ్బరికాయ కొడతారు. నాకూ ఆ అవ్వ మీద భక్తి ఉండాది. కాని ఊరిని ఒక మాట అడుగుతాను. చనిపోయిన మాదిగామెకు గుడి ఇచ్చినారు, బతికున్న మాదిగామెకు గది ఎందుకు ఇవ్వరు? మేము మీ మధ్య ఉండాలంటే దేవుళ్లం కావల్సిందేనా? మామూలు మనుషులుగా, పప్పులో తాలింపు వేసుకుంటూ, గుడ్డలారేసుకుంటూ, పిల్లల్ని తిట్టుకుంటూ ఉండే హక్కు లేదా?

దీనికి చట్టం లేదని అనుకోవద్దండి. 1955లో వచ్చిన పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షనులో రాసి ఉండాది. ఏ ప్రాంతంలోనైనా సరే ఇల్లు కట్టుకోవడానికి, కొనుక్కోవడానికి, కాపురం ఉండటానికి అంటరానితనం పేరుతో అడ్డుపడితే నేరం. డెబ్బై ఏండ్లయింది ఈ మాట రాసి. మా ఇంటామె అత్తగారి జబ్బును ఏ సెక్షను కింద పెట్టాలో ఆ చట్టంలో రాయలేదు. అంటరానితనం ఇప్పుడు నోరు మూసుకొని పనిచేస్తుంది. నోరు తెరవకపోతే సాక్ష్యం లేదు, సాక్ష్యం లేకపోతే కేసు లేదు.

ఇంకో సంగతి. 2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాదులోని ఒక పార్సీ గృహ సహకార సంఘం కేసులో తీర్పు చెప్పింది. సంఘం తమ వాళ్లకే సభ్యత్వం అని నియమం పెట్టుకోవచ్చంది. పార్సీలు కొద్దిమంది, వాళ్ల భయం వాళ్లకుంటుంది, వాళ్లను నేనేమీ అనను. కాని కొద్దిమందికి ఇచ్చిన గొడుగు కింద ఎంతమంది దూరతారో చూడాలి గదా. అంబేద్కర్ 1917లో పెద్ద చదువు చదువుకొని బరోడాలో ఉద్యోగానికి పోతే ఊళ్లో ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు చెప్పుకొని తలదాచుకుంటే కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టినారు. ఆయనకు పట్టిన గతి నూరేండ్లు దాటినాక మాకు పట్టకూడదు. పడుతోంది. కర్ర ఒక్కటి మాత్రం లేదు.

ఇప్పుడు సర్కారు ఇండ్ల సంగతికి వద్దాము. 2020 డిసెంబర్ 25న అప్పటి ప్రభుత్వం "పేదలందరికీ ఇళ్లు" అని మొదలుపెట్టింది. రాష్ట్రమంతా 30 లక్షలకు పైగా పట్టాలు ఆడవాళ్ల పేరున ఇచ్చినామని చెప్పింది. పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. ఇల్లు కట్టుకునేదానికి లక్షా 80 వేలు. ఆడవాళ్ల పేరున ఇవ్వడం మంచిదే, నేను మెచ్చుకుంటాను. కాని సెంటున్నర అంటే 72 గజాలు. మేక కట్టేదానికి గుంజ పాతే తావుండదు. లేఅవుట్లు యాడ వేసినారు? రాష్ట్రంలో చానా చోట్ల ఊరి బయట, వాన వస్తే నీళ్లు నిలిచే చోట, గుట్ట కింద, చెరువు పక్కన. 2024లో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం పల్లెలో మూడు సెంట్లు, పట్నంలో రెండు సెంట్లు ఇస్తామంటోంది. సెంటున్నర కంటే మూడు సెంట్లు మేలు. నేను అడిగేది మాత్రం సెంట్లు ఎన్ని అని కాదు. యాడ అని. ఇద్దరు ముఖ్యమంత్రులూ ఎంత అనే దాని మీద కొట్లాడుకున్నారు. యాడ అనే దాని మీద ఇద్దరికీ తగాదా లేదు.

పట్నాలలో టిడ్కో ఇండ్లని కట్టినారు. 300, 365, 430 చదరపు అడుగులు, మూడంతస్తుల పైన ఇంకో అంతస్తు. గోడలు గట్టివే. చానా పట్నాలలో అవీ ఊరి బయటనే. ఇంట్లో పాచిపని చేసే ఆడమనిషి పొద్దున ఐదింటికి లేచి ఆటోకు ఇరవై, మళ్లీ వచ్చేదానికి ఇరవై పెడితే ఆమె సంపాదనలో మిగిలేదెంత? మార్కెట్ యార్డులో హమాలీ రాత్రి లారీ వచ్చిందంటే యాడ నుంచి పరుగెత్తుకొని రావాల? ఇల్లంటే నాలుగు గోడలు కాదు. ఇంటికీ పనికీ, ఇంటికీ బడికీ, ఇంటికీ ఆసుపత్రికీ మధ్య ఉండే దారి కూడా ఇల్లే. ఆ దారి లేకుండా ఇచ్చిన ఇల్లు సగం ఇల్లు.

టీచరుగా నేను రోజూ చూసేది చెప్తాను. మా పడమటి పల్లెల్లో పంట అయిపోతే సుగ్గికి పోతారు. గుంటూరుకు మిరపకాయలు కోసేదానికి, బెంగుళూరుకు కట్టడం పనులకు. దూరం కాలనీలో ఇంటికి తాళం వేసి పిల్లోన్ని అవ్వ దగ్గర వదిలి పోలేరు. చుట్టూ ఎవరూ ఉండరు గదా. అందుకని పిల్లోన్నీ తీసుకొని పోతారు. నా హాజరు పట్టీలో ఆ పేరు ముందర గైర్హాజరు గుర్తులు వరసగా పడతాయి. ఊరి నడుమ, పది ఇండ్ల మధ్య ఉన్న ఇంట్లో పిల్లోడు అవ్వతో ఉండిపోతాడు, బడికి వస్తాడు. సుగ్గికి పోవడానికి కరువు కారణం, కూలి కారణం, అప్పు కారణం. అవన్నీ ఇంటి జాగాతో పోవు. కాని పిల్లోడు బడి మానేదానికి జాగా ఒక కారణమని నేను పట్టీ చూపించి చెప్పగలను.

"కాలనీ" అనే మాట సంగతి కూడా చెప్పాలి. రేషను కార్డు మీద, ఆధార్ మీద, టీసీ మీద ఆ మాట ఉంటే మనిషిని చూడకుండానే కులం తెలిసిపోతుంది. కులం సర్టిఫికెట్టు కోసం ఎమ్మార్వో దగ్గరికి తిరగాల, అదే మా అడ్రసు మాత్రం ఊరికే సర్టిఫికెట్టు. 2020 డిసెంబర్‌లో మహారాష్ట్ర ప్రభుత్వం వాడలకున్న కులాల పేర్లు తీసేయాలని తీర్మానించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ కాలనీ అనే మాటను సర్కారు రికార్డుల నుంచి తీసేస్తామని అసెంబ్లీలో చెప్పినారు. మంచి పని. మన దగ్గరా చేయాల. కాని పేరు మార్చి జాగా మార్చకపోతే, నాలుగేండ్లలో ఆ కొత్త పేరు కూడా తిట్టయి కూర్చుంటుంది. హరిజన అన్న మాట ఏమైందో మేము చూసినాము గదా.

ఊరి నడుమ పేదోళ్లకు ఇండ్లు కట్టడం అయ్యే పనేనా అంటారు. అయింది కాబట్టే అడుగుతున్నాను. హైదరాబాదులో 1908 మూసీ వరద తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టినారు. అది నిజాం కాలం. ఆ బోర్డు మురికివాడలు తీసేసి నాంపల్లి, మొగల్‌పురా లాంటి చోట్ల ఊరి లోపలనే చిన్న ఇండ్లు కట్టించి బాడుగకు ఇచ్చింది. మొన్నమొన్నటి సంగతి చూసినా, సికింద్రాబాదు బోయగూడలో ఐడీహెచ్ కాలనీ ఉండాది. పాత, పాడుబడ్డ ఇండ్లు తీసేసి, అక్కడుండే వాళ్లకే, అక్కడనే 396 రెండు పడకగదుల ఇండ్లు కట్టి 2015 నవంబర్‌లో తాళాలిచ్చినారు. రైలుస్టేషను దగ్గర, పని దగ్గర, బడి దగ్గర. తర్వాత అదే ప్రభుత్వం ఏం చేసింది? ఊరి బయట కొల్లూరులో 15,660 ఇండ్లు ఒక్కచోట కట్టి 2023 జూన్‌లో ప్రారంభించింది. ఊరి లోపల కట్టింది వందల్లో, ఊరి బయట కట్టింది వేలల్లో. చేత కాక కాదు. ఊరి లోపలి జాగా ఖరీదైనదని, ఖరీదైన జాగా పేదోళ్లకు ఎందుకని.

ఈ పని మన దేశంలోనే కష్టమని కూడా అనుకోవద్దు. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ 1966లో చికాగో పోయి నల్లవాళ్ల పేటలో బాడుగకు దిగి, తెల్లవాళ్ల పేటల్లో నల్లవాళ్లకు ఇల్లు ఇవ్వాలని ఊరేగింపులు తీసినాడు. రాయి దెబ్బ తిన్నాడు. 1968లో ఆయన్ను చంపేసినాక వారానికి అక్కడ ఇంటి విషయంలో రంగు చూడకూడదని చట్టం వచ్చింది. చట్టంతో అంతా బాగయిందని నేను చెప్పను. కాని అక్కడ ఇల్లు అనేది పోరాటంలో ఒక ముఖ్యమైన డిమాండు అయింది. మేము భూమి అడిగినాము, రిజర్వేషను అడిగినాము, గుడి ప్రవేశం అడిగినాము, హోటల్లో రెండు గ్లాసులు తీసేయమన్నాము. ఊరి నడుమ జాగా అని గట్టిగా అడగలేదు. ఇప్పుడు అడగాల.

అడిగితే ఏం చెప్తారో నాకు తెలుసు.

నడూరి జాగాలు ప్రైవేటువి, సర్కారు యాడ నుంచి తెస్తుందంటారు. లేఅవుట్లకు వేల ఎకరాల ప్రైవేటు భూమిని డబ్బులిచ్చి కొనలేదా? 2013 భూసేకరణ చట్టం పొలానికొకటి, పాడు గోడలకొకటి లేదు గదా. లేఅవుట్ అంటే మన్ను పోయాల, రోడ్డు వేయాల, స్తంభాలు పాతాల, పైపులు వేయాల. నడూరిలో అవన్నీ ఉన్నవే. ఆ ఖర్చు జాగా ఖరీదులో వేసి లెక్కకట్టి చూపించమనండి. యాడ ఖాళీ ఉందో తెలీదనే సాకు కూడా లేదు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం మొదలుపెట్టి డ్రోన్లతో గ్రామకంఠాలు కొలిపిస్తోంది. ఆకాశం నుంచి చూసేదానికి పాడు మిద్దె కనపడకుండా పోదు.

పాత ఊళ్లు, చారిత్రక వీధులు, కొత్త ఇండ్లు కడితే అందం పోతుందంటారు. ఆదోనిలో పాత బజార్లలో రాతిగోడల ఇండ్లు పడగొట్టి షాపింగ్ కాంప్లెక్సులు లేపినప్పుడు చరిత్ర గుర్తుకు రాలేదు. అద్దాల తలుపులు బిగించినప్పుడు గుర్తుకు రాలేదు. మా పేరు వినపడగానే చరిత్ర గుర్తుకొస్తుంది. మీ చరిత్ర మమ్మల్ని బయట పెట్టిన చరిత్ర కాబట్టి అది అట్లనే ఉండాలని మీకు అనిపించొచ్చు. కోట గోడకు రాళ్లు మోసినోళ్ల మనవళ్లకు కోట నీడన ఉండే హక్కు లేదా? పాత వీధికి తగ్గట్టు రెండంతస్తులు, అదే రాయి, అదే అరుగు పెట్టి కట్టండి. మాకు అభ్యంతరం లేదు. అరుగు మీద కూర్చునేదానికే గదా మేము అడిగేది.

మూడో మాట మావాళ్లదే. దానికి జవాబు చెప్పడం కష్టం, అయినా చెప్పాల. "వాళ్ల మధ్య పోయి భయపడుతూ ఎందుకు బతకాల? మనోళ్లంతా ఒక్కచోట ఉంటేనే ధైర్యం" అంటారు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపినాక మావాళ్లు ఊరు వదిలి చీరాలకు పోయినారు. అక్కడనే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. మళ్లీ ఆ ఊరికి పోమన్నారు. అది ఓటమి కాదు, ఆత్మగౌరవం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపినప్పుడు మావాళ్లు ఆ శవాలను ఊరి నడుమనే పూడ్చినారు. అదీ ఆత్మగౌరవమే. ఒకరు ఊరు వదిలినారు, ఒకరు ఊరి నడుమ పాతుకున్నారు. రెండిట్లోనూ నిర్ణయం మాది.

అంబేద్కర్ కూడా 1942లో నాగపూర్ మహాసభలో మావాళ్లకు వేరే ఊళ్లు కావాలని తీర్మానం చేయించినాడు. కొందరు ఇప్పుడు దాన్ని చూపించి, మీ బాబాసాహెబే వేరుగా ఉండమన్నాడు గదా, కాలనీ ఇస్తే ఏడుపెందుకు అంటారు. ఆయన అడిగింది చదవండి. ఆయన అడిగింది భూములతో ఉన్న ఊరు. సాగు చేసుకునేదానికి బీడు భూములు ఇచ్చి, దానికి ఒక కమిషను పెట్టి, మావాళ్లే పెద్దలుగా ఉండే ఊరు. కూలికి ఆ ఊరికే రావాల, నీళ్లకు ఆ ఊరికే రావాల, పండుకునేదానికి మాత్రం బయటికి పోవాల అనే సెంటున్నర కాదు. భూమి ఇచ్చి వేరుగా ఉండమంటే స్వాతంత్ర్యం. భూమి ఇవ్వకుండా వేరుగా ఉండమంటే వెలి. మా అవ్వ తరంలో వెలి ఊరు వేసింది. మా తమ్ముని తరంలో సర్కారు ముద్ర వేసి పట్టా ఇచ్చింది.

అమరావతిని కూడా చూసినాము. 2023 మేలో రాజధాని ప్రాంతంలో 50 వేల మందికి పైగా పేదలకు సెంటు చొప్పున పట్టాలిచ్చినారు. మాస్టర్ ప్లాన్ చెడిపోతుందని భూములిచ్చిన రైతులు కోర్టుకు పోయినారు. ఆగస్టులో హైకోర్టు ఇండ్ల కట్టడం ఆపింది. ఆ రైతుల్లో దళితులూ ఉన్నారు, వాళ్ల గోడు వాళ్లకుండాది. ఒక పార్టీ పేదోళ్లను రాజధాని మీద ఎక్కుపెట్టింది, ఇంకో పార్టీ రాజధానిని పేదోళ్ల మీద ఎక్కుపెట్టింది. నేను ఏ పార్టీ తరఫునా మాట్లాడను. కాని ఒక ప్రశ్న మిగిలిపోయింది. కొత్త ఊరు గీసేటప్పుడైనా, కాగితం తెల్లగా ఉన్నప్పుడైనా, ఇల్లు ఊడ్చే ఆమె ఇల్లు యాడ అని ముందే ఎందుకు గీయరు? పాత ఊరు మనువు గీసినాడనుకుందాము. కొత్త ఊరు ఎవరు గీస్తున్నారు?

మా డిమాండ్లు ఇవి. ప్రతి గ్రామకంఠంలో, ప్రతి పాత పట్నంలో ఏండ్ల తరబడి పాడుపడ్డ జాగాల జాబితా తీసి పంచాయతీ గోడ మీద అతికించండి. ఊరి బయట ఒక్క ఎకరం కొనేముందు ఆ జాబితా అయిపోయిందని రాసివ్వండి. ఆసామికి న్యాయంగా డబ్బులిచ్చి ఆ జాగాలు తీసుకొని, ఒక్కో సందులో రెండిండ్లు, మూడిండ్లు కట్టండి. ఒక్క కులానికే ఒక వరస అని గీయొద్దు. పొత్తులో ఇవ్వండి. మాదిగామె పక్కన బోయామె, ఆమె పక్కన దూదేకులామె, ఆమె పక్కన చాకలామె. బాడుగకు కులం అడిగితే శిక్ష పడేలా, అడిగినట్టు నిరూపించే భారం మా మీదే పడకుండా చట్టం దిద్దండి. వేరుగా ఉంటామనే వాళ్లకు భూమితో సహా వేరుగా ఉండే హక్కు ఇవ్వండి. నడుమ ఉంటామనే వాళ్లకు నడుమ ఉండే హక్కు ఇవ్వండి.

ఇది దానం అడగడం కాదు. మా నాయన ఆ నడూరి గోడలకు మట్టి తొక్కినాడు. మా అవ్వ ఆ అరుగులకు పేడ తెచ్చి బయట పెట్టి వచ్చేది, లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. ఊరి ప్రతి ఇంటి గోడలోనూ మా వాళ్ల చెమట ఉండాది. చెమట నడూరిలో ఉండొచ్చంట, చెమట కార్చినోడు ఉండకూడదంట.

మీరు ఊరంటే మీ ఇండ్లనుకున్నారు. ఇన్నేండ్లు మేమూ అట్లనే అన్నాము. "ఊళ్లోకి పోయొస్తా" అనేది మా గేరిలో ఇప్పటికీ మాట. ఉండేది ఊళ్లోనే అయినా ఊళ్లోకి పోయొస్తామంటాము. నా పిల్లలకు ఈ మాట నేర్పను. బళ్లో పిల్లలకూ నేర్పను. మీ ఊరేదిరా అంటే ఊరి పేరు చెప్పమంటాను, కాలనీ పేరు కాదు. మిగతాది సర్కారు చేయాల. సర్కారు చేయకపోతే మేమే చేయించుకోవాల. పాడు గోడలు ఇంకా ఎన్నేండ్లు ఖాళీగా పెట్టుకుంటారో మేమూ చూస్తాము. మేము మాత్రం ఇంకో వంక దాటి బయటికి పోము.